పన్నెండో జత గజ్జెలు

సిరిసిల్ల,
22 సెప్టెంబర్ 2024

దుబాయి రాజనర్సు గారికి,

కవరు చూసి కంగారు పడవద్దు. ఎవరూ చనిపోలేదు. మన వయసువాళ్లకు పోస్టులో ఏదైనా వస్తే ముందు పుట్టే అనుమానం అదే కాబట్టి ఆ ముక్క మొదటే రాస్తున్నాను.

నేను ఎల్లేశాన్ని. ఐదేళ్ల కింద మన ఊళ్లో రాజవ్వ పెద్దమ్మ దినాలకు ఎదురెదురుగా కూర్చుని భోంచేశాం. నువ్వు నాతో ఏదో అన్నావు, నేను తల ఊపాను, ఎవరో సాంబారు తెచ్చారు, అంతటితో సరి. ఫోన్ చేయకుండా ఉత్తరం ఎందుకంటావేమో. సాంచాల మధ్య, ఈ మరమగ్గాల రొదలో, ముప్పై ఏళ్లకు పైగా పనిచేసినవాడికి ఫోను సబ్బుబిళ్లతో సమానం. చెవికి రుద్దుకోవడమే తప్ప లోపలికి ఏమీ పోదు. ఈ ఊళ్లో సాంచె మీద ఉన్నవాళ్లు చేతులతోనే మాట్లాడుకుంటారు. రెండు వేళ్లు పెదాలకు తాకిస్తే చాయ్. అరచేయి మెడకింద అడ్డంగా లాగితే పోగు తెగిందని. అలవాటు కొద్దీ ఆ సైగ ఒకసారి బట్టల కొట్టులో చేశాను. సేటు పోలీసులకు ఫోన్ చేయబోయాడు.

అసలు సంగతికి వస్తాను. పోయినేడు వేములవాడ బస్సులో నా పక్కన ఒక పిల్ల కూర్చుంది. పేరు శ్రీలత. ఆమె దిగేదాకా నేను నోరు మూయలేదు. దిగేముందు నా నోట్‌బుక్కు తీసుకుని దాంట్లో రాసింది: "తాతా, గిదే మైకు ముంగట చెప్తవా?" జగిత్యాలలో ఒక చిన్న రేడియో నడుపుతోంది. ఊరి జనాల రేడియో. పాట వచ్చినవాడు పాట పాడతాడు, పద్యం వచ్చినవాడు పద్యం చదువుతాడు, డప్పు వచ్చినవాడు గోడలు అదిరేలా డప్పు కొడతాడు. అప్పటినుంచి ప్రతి గురువారం ఏడింటి బస్సెక్కి పోయి, పదకొండు నుంచి పన్నెండు దాకా కథలు చెప్పి వస్తున్నాను. నాలుగో తరగతితో బడి మానేసి లైబ్రరీ బల్లల మీద చదువుకున్నవాణ్ణి కదా, కలం పట్టినా మైకు పట్టినా పుస్తకాల భాషే వస్తుంది. శ్రీలతకు అదే నచ్చిందట. నాకు వినబడదన్న సంగతి మాత్రం ఆమెకు తెలియదు. బస్సు రొద వల్ల రాసి చూపించిందని నా నమ్మకం. చెవులకు రెండు గిన్నెల్లాంటివి తగిలిస్తుంది. నేను వింటున్నట్టు తల ఊపుతాను. తల ఊపడంలో జిల్లాలో నన్ను మించినవాడు లేడు.

ఆ రేడియో పాతిక కిలోమీటర్లు కూడా పోదు. సిరిసిల్లకు రాదు, మీ కోరుట్లకు రాదు. గాలి బాగుంటే గొల్లపల్లి దాటి మన ఊరికి మాత్రం వస్తుంది. అక్కడ మన గురువు పోశెట్టి పంతులు బిడ్డ లస్మవ్వ విన్నది. ఎనభై నాలుగేళ్ల మనిషి ఆటో కట్టించుకుని స్టూడియోకు వచ్చి నా ఎదురుగా కూర్చుంది. ఆమె పెదాలు చదవడం నాకు సులువు. పళ్లు లేవు కదా, ప్రతి మాటా నిదానంగా వస్తుంది.

"ఏం ఎల్లేశం, ఊరోళ్ల కతలన్ని చెప్పవడ్తివి. మన కతకు మంగళం ఎప్పుడు పాడుతవ్?"

నేను తల ఊపాను. ఈసారి వినబడే ఊపాను.

1987 ఎండాకాలంలో మనం ఆడిన చిరుతల కథ నీకు గుర్తుచేయాల్సిన పని లేదు. అయినా రాస్తాను, రాయకపోతే నాకు నిద్ర పట్టదు. చేతుల్లో చెక్క చిరుతలు వాయిస్తూ ఏడు రోజులు ఆడే కథ. పన్నెండుమందికి గురువు తన చేతులతో గజ్జెలు కట్టాడు. ఏడో రోజు మంగళం పాడాక తన చేతులతోనే విప్పాలి. నువ్వు పెద్దిరాజువు, నేను నీ తమ్ముడు చిన్నిరాజును. కరువొస్తే నీళ్లు తేవడానికి గడ్డపార భుజాన వేసుకుని నువ్వు గుట్టలు దాటి పోతావు. నువ్వు వచ్చేదాకా విత్తనాల కుండ ఎవరినీ తాకనివ్వకుండా నేను కాపలా కాస్తాను. ఏడో రోజు నువ్వు రావాలి. నేను మూడుసార్లు పిలవాలి, నువ్వు మూడు దరువులు పాడాలి, కుండ మూత తెరవాలి, మంగళం. ఆరు రోజులు ఆడాం. ఏడో రోజు నువ్వు రాలేదు.

మంగళం పాడని కథ ఉండగా ఆ ఊళ్లో ఇంకో కథకు గజ్జె కట్టకూడదని గురువు పట్టు. ఆయన పోయాడు, పట్టు మిగిలింది. పదకొండు జతలు లస్మవ్వ సందుకపెట్టెలో ఉన్నాయి. ఇప్పుడు బడిలో స్వరూప టీచరు దగ్గర పన్నెండుమంది ఆడపిల్లలు చిరుతలు నేర్చుకుంటామని రోజూ ఆ ముసలిదాని ప్రాణం తీస్తున్నారట. "కత ఒడవక నేనెట్లిత్తు? ఒడిసినంక నేను సచ్చినా మంచిదే" అంటుంది.

ఫిబ్రవరి పదమూడు రేడియో దినం. ఆ రోజంతా ఆటా పాటా కవిత్వమే పెడతానంటోంది శ్రీలత. పదకొండింటికి అరగంట మనకిచ్చింది. నువ్వు వచ్చి మూడు దరువులు పాడితే చాలు. ఐదు నెలలు టైముంది. దుబాయి నుంచి అయినా రావచ్చు.

ఎల్లేశం

*

కోరుట్ల,
16 అక్టోబర్ 2024

ఎల్లేశానికి,

ఉత్తరం అందింది. జవాబుకు మూడు వారాలు పట్టింది, తప్పుగా అనుకోకు.

ఇక్కడ అందరం బాగున్నాం. మా ఇంటావిడ కొమురవ్వ ఇంకా బీడీలు చుడుతుంది. చూపు తగ్గినా వేళ్లు తగ్గలేదు. నేను కట్టలు కడతాను. మనవరాలు ప్రణీత డిగ్రీ రెండో సంవత్సరం. నీ ఉత్తరం ఆమే పైకి చదివింది. సబ్బుబిళ్ల దగ్గర కొమురవ్వ చాటలోని ఆకంతా ఎగిరిపోయేలా నవ్వింది. లస్మవ్వ మాట వచ్చిన దగ్గర నవ్వు ఆపేసింది.

"పోతవా?" అని నా మొఖం చూసింది. కాసేపు చూసి మళ్లీ కత్తెర అందుకుంది.

ఫిబ్రవరి చాలా దూరం ఉంది. చూద్దాం. నువ్వు ఉత్తరమే రాశావు, మంచి పని చేశావు. నాకూ ఉత్తరమే నయం.

గురువు ఆ పట్టు అప్పుడే పట్టాడని నాకు తెలియదు. ఇన్నేళ్లు ఊళ్లో ఇంకో కథ ఆడలేదని కూడా తెలియదు. ఎవరూ చెప్పలేదు.

రాజనర్సు

*

సిరిసిల్ల,
10 నవంబర్ 2024

దుబాయి రాజనర్సు గారికి,

ఎవరూ చెప్పలేదా? నువ్వు అడిగితే కదా.

ఇంతకాలం ఈ కోపం ఎక్కడో పెట్టి మరిచిపోయాననుకున్నాను. "చూద్దాం" అని నువ్వు రాసిన ఒక్క మాటతో దొరికింది. ముసలివాడి కోపం పాత గొడుగులాంటిది, విప్పితే అన్ని ఊచలూ బయటికొస్తాయి. భరించు.

ఆ ఏడో రోజు నీకు తెలియదు. నువ్వు లేవు. పొద్దున ఏజెంటు మనిషి సైకిలు మీద వచ్చాడట, "ఎల్లుండికల్ల బొంబాయిల ఉండాలె" అన్నాడట, మధ్యాహ్నానికి నువ్వు లేవు. ఇవన్నీ మాకు తర్వాత తెలిశాయి. దీపాలు పెట్టే వేళకు నేను పసుపు రాసిన కుండ ముందర పెట్టుకుని కూర్చున్నాను. చుట్టూ మూడు ఊళ్ల జనం. పిలిచాను.

"అన్నా వచ్చినవా, నీళ్లు తెచ్చినవా, ఇన్నేండ్లు ఎట్లుంటివన్నా."

జవాబు లేదు. నువ్వు వేషం సర్దుకుంటున్నావనుకుని గురువు చిరుతలతో ఇంకో నాలుగు చుట్లు తిప్పించాడు. రెండోసారి పిలిచాను. మూడోసారి పిలిచాను. అప్పుడు వెనకనుంచి ఎవడో అరిచాడు: "మీ అన్న దుబాయికి పోయిండురో! కుండ మూసి పండుకో!"

నవ్వు ఆ పందిరి మీదుగా పోయి పక్క ఊరి కుక్కలను లేపింది. గురువు నవ్వలేదు. చిరుతలు కింద పెట్టి ఇంటికి పోయాడు. ఆయన చేతులతో విప్పాల్సిన గజ్జెలు పదకొండుమందిమీ ఎవరివి వాళ్లం విప్పుకున్నాం, దొంగతనం చేసినవాళ్లలాగా. నేను కుండ ఎల్లేశాన్నయ్యాను. చాయ్ తాగడానికి పోయినా "కుండ పైలమే? భద్రమేనా?" అని అడిగేవాళ్లు. రెండు నెలలకు సిరిసిల్ల బస్సెక్కాను. సాంచాల రొదలో ఎవడేమన్నా వినబడదు. చెవులు పోతాయని తెలిసే ఆ పనిలో చేరాను అనను గానీ, పోతుంటే బాధపడలేదు.

ఆ రోజు నుంచి అన్నా అని ఎవరినీ పిలవలేదు. మా సొంత అన్నను కూడా పేరు పెట్టే పిలిచాను. ఆయన పోయేదాకా అలిగే ఉన్నాడు, ఎందుకో నేను చెప్పలేదు.

నా కోపం నువ్వు దుబాయికి పోయినందుకు కాదు. కరువు ఏళ్లలో పోనివాడెవడు? చెప్పి పోవచ్చు కదా. గురువుకు ఒక మాట, నాకొక మాట.

జగిత్యాల దాకా రాలేనంటే ప్రణీత సెల్లులో పాడి పంపించు. శ్రీలత అది తీసుకుంటానంది. నేను అలసిపోయాను. ఈ ఒక్క పని అయితే గురువారం బస్సు కూడా మానేద్దామనుకుంటున్నాను.

ఎల్లేశం

*

కోరుట్ల,
8 డిసెంబర్ 2024

ఎల్లేశానికి,

నువ్వు రాసిన ప్రతి మాటా నిజం.

ఇక్కడ చలి ఎక్కువైంది. దగ్గు. రాత్రిపూట కూర్చునే పడుకుంటున్నాను. ఈ స్థితిలో పాట మాట అనుకోవద్దు. ఇంకెవరితోనైనా పాడించు. శ్రీలత దగ్గర మంచి గొంతున్న పిల్లలు ఉంటారు.

మూడు దరువులూ గుర్తున్నంతవరకు రాసి ఈ ఉత్తరంతో పెడుతున్నాను. మొదటిది ఇట్లా మొదలవుతుంది, చూసుకో:

వచ్చిన తమ్మీ వచ్చిన, వట్టి చేతుల రాలేదు
కాలి జాడల నీళ్లు నింపుకుంట వచ్చిన

రెండో దరువులో "గుట్ట గుండె తొలిచిన" అన్న చోట చిరుతలు ఒక దెబ్బ ఆపాలి. కొత్తవాళ్లకు తెలియదు, చెప్పు.

పక్కింటి ధనుంజయ్ సారు వచ్చి ప్రణీత చేతిలో కాగితాలు చూశాడు. "పెద్దమనిషీ, గిదంత గీ వయసుల యాదికుందా?" అన్నాడు. కొమురవ్వే జవాబిచ్చింది: "యాదికుండుడే ఆయిన రోగం."

రాజనర్సు

*

సిరిసిల్ల,
5 జనవరి 2025

రాజనర్సూ,

ముందు నా సిగ్గు చెప్పి, తర్వాత నీ దగ్గరికి వస్తాను.

మొన్న గురువారం శ్రీలత ఒక నాటుపాట పెట్టింది. ముస్తాబాద్ నుంచి వచ్చిన ఆడవాళ్లు పాడింది. పాట ఎప్పుడు అయిపోతుందో నేను గోడ గడియారం చూసి లెక్కపెట్టుకుంటాను. ఆ రోజు గడియారం ఆగిపోయింది. నాకేం తెలుసు? పాట అయిపోయిందనుకుని, పాట నడుస్తుండగానే మైకులో మా మేనత్త మేక పోయిన కథ ఎత్తుకున్నాను. ఐదు నిమిషాలు ఆ తల్లులు నాట్లు వేస్తూనే ఉన్నారు, నేను మేకను వెతుకుతూనే ఉన్నాను. శ్రీలత అద్దం అవతలినుంచి రెండు చేతులూ ఊపింది. బాగుందంటోందనుకుని ఇంకా గట్టిగా చెప్పాను.

అయిపోయాక నా ఎదురుగా కూర్చుని, పెదాలు కనబడేలా నిదానంగా అంది: "తాతా, నీకు ఇనవడ్తలేదని బస్సులనే తెల్సు నాకు. ఇనేటోళ్లు మస్తుమంది ఉన్నరు, చెప్పేటోళ్లే లేరు. రేపటిసంది నేను చెయ్యితోని చెప్త, నువ్వు చూడు."

ఇంటికొచ్చి, ఏడాదిగా దాచిన సంగతి ఎంత బాగా దాచానో తలుచుకుని నవ్వుకున్నాను. దాచేవాడికి దాచేవాడి వాసన తెలుస్తుంది కాబోలు. నీ ఉత్తరాలు మళ్లీ తీసి చదివాను. కొమురవ్వ మాట్లాడుతుంది. ప్రణీత చదువుతుంది. ధనుంజయ్ సారు అడుగుతాడు, దానికి కూడా కొమురవ్వే జవాబిస్తుంది. నువ్వు ఒక్క మాట అనవు. కథలు చెప్పి బతికేవాణ్ణి, ఈ మాత్రం కనిపెట్టలేనా? నాటకంలో ఒక మనిషి ఎంతసేపటికీ మాట్లాడకపోతే ఏదో ఉందని అర్థం.

దగ్గు కథ నాకొద్దు. ఏమైంది?

ఎల్లేశం

*

కోరుట్ల,
19 జనవరి 2025

ఎల్లేశం,

నాకు గొంతు లేదు.

బొంగురు కాదు, దగ్గు కాదు. 2021లో గడ్డ అన్నారు. హైదరాబాదులో కోసి, మాట పుట్టే పెట్టెను మొత్తంగా తీసేశారు. మెడకింద రూపాయి బిళ్లంత రంధ్రం ఉంది. ఊపిరి అందులోంచే. దాని మీద రుమాలు కట్టుకుంటాను. ఏదైనా చెప్పాలంటే ప్రణీత చిన్నప్పటి పలక మీద రాస్తాను. కొమురవ్వకు చదువు రాదు. "నీ వంతు గుడ నేనే మాట్లాడవడ్తి, నాకు దవుడలు నొస్తున్నయి" అంటుంది.

ఇంకొకటి చెప్పాలి. చెప్పకూడదనే అనుకున్నాను. రాజవ్వ పెద్దమ్మ దినాల్లో నేను నీతో ఏమన్నానో నీకు తెలియదు. ఆ సంగతి నీ మొదటి ఉత్తరం చదివేదాకా నాకూ తెలియదు. అందుకే దానికి మూడు వారాలు జవాబు రాయలేకపోయాను.

ఆ రోజు నేను అన్నది ఇది: "తమ్మీ, తప్పు నాదే. గా కత పూర్తి జేద్దామా? నువ్వు ఎప్పుడంటే గప్పుడు నేను తయ్యార్."

నువ్వు నవ్వి, రెండుసార్లు తల ఊపావు.

ఇంటికొచ్చి ఆ మూడు దరువులు సాధన చేశాను. పొద్దున్నే బీడీ ఆకు తడిపే వేళకు పెరట్లో పాడేవాణ్ణి. నీ కబురు కోసం చూశాను. తర్వాత కరోనా వచ్చింది. ఇంకా చూశాను. తర్వాత గడ్డ వచ్చింది. ఆపరేషన్ ముందురోజు ఒకసారి మూడూ పాడాను. డాక్టరమ్మ మాట్లాడొద్దంది గానీ, పాడొద్దని అనలేదు కదా అనుకున్నాను. నువ్వు తల ఊపి మరిచిపోయావని నీ మీద కోపంగా ఉండేది. ఇప్పుడు లేదు.

పన్నెండో జత గజ్జెలు నా దగ్గరున్నాయి.

కథ ఏడో రోజు గురువు దగ్గరికి పోలేదు. పోతే ఆయన పోనివ్వడు. ఆయన కట్టినవి నా చేతులతో విప్పడానికి ధైర్యం చాలలేదు. పాంటు కింద గజ్జెలతోనే బస్సెక్కాను, రైలెక్కాను. బొంబాయిలో ఏజెంటు గదిలో పద్నాలుగుమందిమి. నేను కదిలితే మోగేది. "ఎవడ్రా మేకను తోలుకొచ్చింది?" అని ఒకడన్నాడు. మూడు రోజులు మేకనే. చివరికి విమానాల దగ్గర తనిఖీవాడు విప్పమన్నాడు. వంగి నా చేతులతోనే విప్పాను. పద్దెనిమిదేళ్లు అక్కడ, ఇరవై ఏళ్లు ఇక్కడ పెట్టె అడుగున ఉన్నాయి. లస్మవ్వకు పంపిద్దామనుకునేవాణ్ణి. ఏ ముఖంతో?

ఇప్పుడు తెలిసింది కదా. వేరే ఎవరితోనైనా పాడించు.

రాజనర్సు

*

సిరిసిల్ల,
2 ఫిబ్రవరి 2025

రాజనర్సూ,

నీ ఉత్తరాన్ని నాలుగు రోజులు అంగీ జేబులో పెట్టుకుని తిరిగాను. ఎక్కడ కూర్చున్నా నా తల ఊపుడే కళ్లముందుకు వచ్చింది. నిన్న కూరగాయలమ్మి ఏదో అడిగింది. "ఇనవడలే బిడ్డా, మళ్ల చెప్పు" అన్నాను. నాకు బుద్ధి తెలిశాక ఆ మాట అనడం అదే మొదటిసారి. ఐదేళ్ల కింద అది అన్నం ముందు కూర్చుని అని ఉంటే నీ గొంతుతోనే కథ ముగిసేది. ముప్పై ఎనిమిదేళ్లుగా కుండ కాపలా కాస్తున్నాననుకుంటూ తిరిగాను. నువ్వు వచ్చి తలుపు తడితే నిద్రపోయింది నేనే.

దీని గురించి ఇంతకంటే రాయలేను.

వేరే ఎవరితోనూ పాడించను. శ్రీలత ఇద్దరు పిల్లల గొంతులు వినిపించబోయింది. వినలేను కాబట్టి వద్దనడం సులువైంది. పదమూడో తారీకు నువ్వు జగిత్యాలకు రావద్దు. మన ఊరికి పో. గజ్జెలు తీసుకుని పదకొండింటికల్లా లస్మవ్వ వాకిట్లో కూర్చో. పెద్దిరాజు రావాల్సింది ఊరికి గానీ స్టూడియోకు కాదు కదా. నేను ఇక్కడినుంచి పిలుస్తాను. పిలిచి, నీ మూడు దరువులకు పట్టేంతసేపు మైకు ముందు ఊరికే కూర్చుంటాను. ఆ జాగా నీది. చిరుతలు కొడతావో, ఊరికే నిలబడతావో నీ ఇష్టం.

రేడియోలో ఊరికే ఉండటమంటే సాంచె నడుస్తుండగా పోగు లేకపోవడం. శ్రీలత ఒక్క నిమిషానికి ఒప్పుకుంది. నాకు రెండున్నర కావాలి. ఆ మాట ఆమెకు చెప్పలేదు. ఇన్ని నేర్చుకున్నా దాచే గుణం పూర్తిగా పోలేదు.

ఎల్లేశం

*

జగిత్యాల బస్టాండు,
13 ఫిబ్రవరి 2025, మధ్యాహ్నం

అన్నా,

మొదట మైకులో అన్నా అని పిలిచాను, ఇప్పుడు ఈ కాగితం మీద. సిరిసిల్ల బస్సుకు ఇంకా టైముంది, పల్లీలు కొనుక్కుని రాస్తున్నాను.

పదకొండింటికి మొదలుపెట్టాను. కథ ఎక్కడ ఆగిందో, ఎందుకు ఆగిందో చెప్పాను. దుబాయి చెప్పాను. తల ఊపింది కూడా చెప్పాను. నీ గొంతు సంగతి చెప్పలేదు, అది నీది. తర్వాత కళ్లు మూసుకుని మూడుసార్లు పిలిచాను. ఎలా పాడానో నాకు తెలియదు, నా గొంతు నాకు లోపల అదురుగా తప్ప అందదు. పిలిచి, బల్ల మీద అరచేయి పెట్టి దెబ్బ లెక్కపెట్టడం మొదలుపెట్టాను. చప్పుడు రానివ్వలేదు. సాంచె ఎక్కడ తడబడుతుందో మేం చేయి ఆనించే కనుక్కుంటాం, చెవితో కాదు. నీ దరువును కూడా అట్లాగే పట్టుకున్నాను. "గుట్ట గుండె తొలిచిన" దగ్గర ఒక దెబ్బ ఆపాను.

నిమిషం దాటగానే శ్రీలత అద్దం అవతల లేచి నిలబడింది. మెడకింద అరచేయి అడ్డంగా లాగింది. పోగు తెగింది! నేనే నేర్పిన సైగ. నేను కూర్చోమని చేయి చూపించాను. ఆ పిల్ల రెండు చేతులు తలమీద పెట్టుకుంది గానీ, ఏ మీటా నొక్కలేదు. గొప్ప పిల్ల. రెండు నిమిషాల నలభై సెకండ్లు జగిత్యాల చుట్టుపక్కల ఊళ్లల్లో ఏమీ వినబడలేదు. జనం రేడియోలను తట్టి చూసుకుని ఉంటారు.

తర్వాత మంగళం పాడాను. పూర్తిగా. గొంతు పగిలిందేమో కూడా.

అక్కడ ఏం జరిగిందో తెలియదు. నువ్వు వచ్చావో లేదో తెలియదు. శ్రీలత ఊరికి ఫోన్ చేస్తానంది. వద్దన్నాను. నువ్వు రాస్తే చదువుతాను. త్వరగా రాయి.

నీ తమ్ముడు

*

కోరుట్ల,
15 ఫిబ్రవరి 2025

తమ్మీ,

వచ్చాను.

కొమురవ్వ తోడొచ్చింది. గొల్లపల్లిలో దిగి ఆటోలో పోయాం. లస్మవ్వ వాకిలి నిండా జనం. స్వరూప టీచరు పిల్లలందరినీ తెచ్చింది. నన్ను చూడగానే ఒక ముసలాయన లేచాడు. "అరే, పెద్దిరాజు! ఏం బావా, దుబాయి బస్సు గిప్పుడు వచ్చిందా?" అన్నాడు. అందరూ నవ్వారు. కొమురవ్వ ఆయనకు దగ్గరగా పోయి "బస్సు లేటు. నువ్వైతె ఏడికి పోయినవని లేటు గాలె?" అంది. రుమాలు చూసి ఎవరికి తోచింది వాళ్లు అనుకున్నారు, అడగలేదు.

గజ్జెల మూట లస్మవ్వ ఒళ్లో పెట్టాను. విప్పి ఒక్కొక్క మువ్వనూ వేలితో తడిమింది. తర్వాత "కాలు పెట్టు" అంది. కట్టింది. ముడి పడటానికి చాలాసేపు పట్టింది. రేడియోలో నువ్వు అప్పటికి తల ఊపుడు దగ్గరున్నావు.

నువ్వు పిలిచావు. తర్వాత రేడియో చప్పుడు ఆగిపోయింది. ఒక పిలగాడు "కరెంటు పోయింది" అన్నాడు, వాళ్లమ్మ వాడి నోరు మూసింది. నేను చిరుతలు తీశాను. మొదటి దెబ్బ కొట్టాను. రెండు, మూడు. నోరు తెరిచాను, అలవాటు. గాలి రుమాలులోంచి పోయింది.

నాలుగో దెబ్బకు లస్మవ్వ ఎత్తుకుంది. "వచ్చిన తమ్మీ వచ్చిన." సన్నగా, తేగ విరిచినట్టు. రెండో వరసకు నాతో ఎకసెక్కెమాడిన ముసలాయన కలిశాడు. తర్వాత ఎవరెవరో చెప్పలేను. ఆ ఎండాకాలం నాలుగు నెలలు మనం రోజూ సాధన చేస్తుంటే ఊరంతా గోడల మీద కూర్చుని విన్నది కదా. పంతులు మనకే నేర్పుతున్నాననుకున్నాడు. యాభై దాటిన ప్రతివాళ్లకూ మూడు దరువులూ వచ్చు తమ్మీ. "గుట్ట గుండె తొలిచిన" దగ్గర ఆగాల్సిన దెబ్బ దగ్గర అందరూ ఆగారు.

నువ్వు బల్ల మీద లెక్కపెట్టింది పాత లయ. మాది ముసలి లయ అయింది. మేం రెండో దరువులో ఉండగానే నువ్వు మంగళం ఎత్తుకున్నావు. ఎవరూ ఆగలేదు. "గా ఎల్లేశాన్ని జెర చిన్నగ చెయ్యిరి" అని లస్మవ్వ చేయి ఊపితే ఎవరో రేడియో తగ్గించారు. మూడో దరువు అయ్యాక మంగళం మేమే పాడుకున్నాం. నీ మంగళం ఎవరూ సరిగ్గా వినలేదు. బాగానే పాడి ఉంటావు.

తర్వాత లస్మవ్వ నా గజ్జెలు విప్పింది. సందుకలోని పదకొండు జతలూ తెప్పించి వాకిట్లో వరసగా పెట్టింది, పన్నెండోది చివర పెట్టింది. పిల్లలు ఒక్కొక్కరు వచ్చి తీసుకున్నారు. మూడో తరగతి పిల్ల ఒకతి నా జత తీసుకుని ఊపి చూసింది. "అవ్వా, గీంట్ల ఒక మువ్వ మోగుతలేదు" అంది. బొంబాయిలోనో, పెట్టె అడుగునో లోపలి గుండు రాలిపోయినట్టుంది.

లస్మవ్వ అది చేతిలోకి తీసుకుని చెవి దగ్గర ఊపింది. నా వైపు చూసింది. పిల్ల కాలికి కడుతూ అంది: "మిగిలినయి ఇరవైమూడు మోగుతయి గద బిడ్డా. అది ఇననియ్యి."

పిల్లలు వేసవి సెలవుల్లో మొదలుపెడతారట. చిన్నిరాజు పాట నేర్పడానికి నువ్వు పోవాలి. దెబ్బ నేను చూసుకుంటాను. గురువారం బస్సు మానేయకు.

నీ అన్న,
రాజనర్సు